నడిమి జాగ

మా అత్తమ్మ అనసూర్య తన బొందకు జాగ చూసుకున్నంత శ్రద్ధగా కొడుక్కి పిల్లను కూడా చూడలేదు. ఆ పిల్ల నేనే గనుక ఈ మాట అనే హక్కు నాకుంది. నన్ను చూడటానికి కరీంనగర్ వచ్చిన రోజు చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, "మంచిగనే ఉన్నది, కానియ్యుండ్రి" అని లేచిపోయింది. బొందలగడ్డలో జాగ కోసం మాత్రం మూడేళ్లు నిద్రాహారాలు మాని కొట్లాడింది. నిద్రాహారాలు మానిందన్నది మాట వరసకే. ఎంత కొట్లాటలోనూ మా అత్తమ్మ అన్నం మానిన మనిషి కాదు. పోయిన ఎండాకాలం ఒక్కసారి తప్ప.

మా ఊరు లక్సెట్టిపేట నుంచి గోదావరి వైపు ఆటోలో పోతే వస్తుంది. ఊరి చివర మా చర్చి. మా పెద్దలు దాన్ని గుడి అనే అన్నారు, మేమూ అలాగే అంటాం. గుడి వెనక బొందలగడ్డ. అందులో ముందు వరుసలవి ఇంగ్లండ్ మిషనరీ దొర ఇక్కడ ఉన్న కాలం నాటి రాతి సమాధులు. అన్నిటికంటే ముందు వరుసకు ఒక కొసన చింతచెట్టు, ఇంకో కొసన గోడ.

చింతచెట్టు పక్క సమాధి మా ఇంటి పెద్ద హనుమండ్లుది. బాప్తిస్మంలో దొర ఆయనకేదో మంచి పేరు పెట్టాడట గానీ, ఊళ్లో ఎవరికీ నోరు తిరగక చచ్చేదాకా హనుమండ్లుగానే బతికాడు. మగ్గం నేసేవాడు. గుడిలో బల్ల మీద పరిచిన మొట్టమొదటి గుడ్డ ఆయన నేసిందే. గోడ పక్క సమాధి భూమన్నది. ఆయన డప్పు కొడితే గోదావరి అవతలి ఒడ్డున జనం ఆగి వినేవారట. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన రాయమల్లు చిన్నాయనకు ఆయన ముత్తాత.

దొర కాలం నుంచి వస్తున్న మాట ఒకటుంది. ఆ వరుసలోని ఐదు జాగల్లో, ఆ కొసనా ఈ కొసనా ఉన్న సమాధులు కలుపుకొని హనుమండ్లు వాళ్లకు మూడు జాగలు, భూమన్న వాళ్లకు రెండు. ఎందుకట్లా అంటే ఎవరికీ తెలియదు, కాదని అనేవాళ్లూ లేరు. మా మామయ్య బాలమల్లు పోయినప్పుడు ఆయన్ను హనుమండ్లు పక్కన పెట్టాం. తర్వాత కొన్నేళ్లకు రాయమల్లు చిన్నాయన భార్య సత్తమ్మ పోయింది, ఆమెను భూమన్న పక్కన పెట్టారు. ఇంక మిగిలింది నడిమి జాగ ఒక్కటే. అటు మా మామయ్య, ఇటు సత్తమ్మ.

"నా మొగని పక్కన నేను గాక ఎవలు పంటరు?" అంది మా అత్తమ్మ.

"నా పెండ్లాం పక్కన నేను గాక ఎవలు పంటరు?" అన్నాడు రాయమల్లు చిన్నాయన.

లెక్క మా వైపున్నా, ఇద్దరిదీ న్యాయమే. రెండు న్యాయాలకు ఒకటే జాగ ఉండటం వచ్చిన తంటా. ఈ మాటలు కూడా ఎక్కడ అనుకున్నారనుకున్నారు? సత్తమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూడికలో, ప్రార్థన అయిపోయి అన్నాలు వడ్డిస్తుంటే, బంతిలో. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అంతకుముందు ఎట్లా ఉండేవారో చెబితే మీరు నమ్మరు. సత్తమ్మా మా అత్తమ్మా ఒకే అరుగు మీద, ఒళ్లో చాటలు పెట్టుకొని, నలభై ఏళ్లు ఎదురెదురుగా కూర్చొని బీడీలు చుట్టారు. మా మామయ్యా రాయమల్లు చిన్నాయనా బావా అంటే బావా అనుకునేవారు. ఇప్పుడేమో ఆయన మా గడప ముందు నిలబడి, లోపల మా అత్తమ్మకు వినపడేటట్టు నాతో అనేవాడు:

"బిడ్డా పద్మా, మీ అత్తకు చెప్పు. గా చింతచెట్టు కాడిది హనుమండ్లు గోరీ అని దానిమీద రాసున్నదా అని అడుగు."

"రాసుండకుంటే ఏంది? ఊరందరికెరుక అని చెప్పవే ఆయనకు," అని లోపలి నుంచి అత్తమ్మ. నేను కుట్టుమిషను తొక్కుకుంటూ నడుమ పోస్టాఫీసులాగా ఉండేదాన్ని.

ఆ గడబిడలోకి మా గుడికి కొత్త అయ్యగారు వచ్చారు. ప్రేమ్‌సాగర్ అయ్యగారు చిన్నవాడు, ఉత్సాహం ఎక్కువ. ఈస్టరు ముందటి శ్రమ దినాలు మొదలయ్యే బూడిద బుధవారం తర్వాత వచ్చిన ఆదివారం, ప్రసంగం ముగించి, "ఈ ఈస్టరుకు పాత గోరీలకు సున్నం ఎయ్యొద్దు" అన్నారు.

గుడిలో గుసగుసలు మొదలయ్యాయి. ఈస్టరుకు ముందు ఎవరి సమాధికి వాళ్లు సున్నం వేసి, పండుగ తెల్లవారుజామున కొవ్వొత్తులు ముట్టించి, పూలు పెట్టడం మా తాతల నాటి ఆచారం. వెయ్యకపోతే ఇంట్లో పెద్దలను మరిచిపోయారని అంటారు. వందేళ్లుగా ఏడాదికో పూత చొప్పున వేసీ వేసీ ఆ రాళ్లన్నీ పెరుగన్నం ముద్దల్లా తయారయ్యాయి. దాని కింద రాయి ఎట్లా ఉంటుందో చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు.

అయ్యగారు ఫోన్ తీసి, దొర సొంతూరి చర్చి వాళ్లు పంపిన ఫొటోలు చూపించారు. పచ్చటి గడ్డిలో పెట్టెల్లాంటి రాతి సమాధులు. వాటి మీద చెక్కిన పూలతీగలు, గొర్రెలకాపరి కర్ర, కమ్మరి సుత్తె, రెక్కలున్న దేవదూతల ముఖాలు. ఫోన్ ఆడవాళ్ల వైపు వచ్చేసరికి మా అత్తమ్మ కళ్లద్దాలు సర్దుకొని చూసింది.

"గీ పోరగాండ్లకు మెడకాయల కాడనే రెక్కలు మొలిసినయేంది? కింద పెయ్యి చెక్కెతందుకు రాయి సరిపోలేదా?" అంది. ఇంకో ఫొటో చూసి, "గోరీల నిండ నాసు పట్టింది. పాపం, వాళ్లకు సున్నం దొరకదా?"

అందరూ నవ్వారు. అయ్యగారూ నవ్వి అన్నారు: "దొర మనకాడ గూడ రాయి చెక్కెటోళ్లతోని గట్లనే చెక్కిచ్చిండట అవ్వా. అప్పట్ల మనోళ్లల్ల సదువచ్చినోళ్లు లేరు గదా. పేరు రాస్తే ఎవలు సదువుతరు? అందుకని ఎవలు ఏ పని చేసిండ్రో గా పనిముట్టు చెక్కిచ్చిండు. అవన్ని మన సున్నం కిందనే ఉన్నయి."

మా అత్తమ్మ చటుక్కున లేచి నిలబడింది.

"నాకెరుక! నేను పెండ్లై వచ్చిన కొత్తల సున్నం ఏసుకుంట ఏలు పెట్టి తడిమిన. కోసుగ తగిలింది. అది నాడె! మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడె! తియ్యుండ్రి సున్నం. నాడె బయటపడ్డంక ఎవల నోరు మూతపడుతదో నేను సూస్త."

మగవాళ్ల వైపు నుంచి రాయమల్లు చిన్నాయన కూడా లేచాడు. "తియ్యనియ్యుండ్రి అయ్యగారూ. నాడె ఎల్లితే నడిమి జాగ మాట మల్ల ఎత్తనే ఎత్త. ఎల్లకుంటే ఏం జేస్తదో ఆమెను జెప్పుమనుండ్రి."

"ఎల్లకుంటే నేను గా జాగ దిక్కు సూడ!" అంది మా అత్తమ్మ, దేవుని గుడిలో, అంతమంది ముందర. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు ఆ తర్వాత తెలిసింది.

సున్నం తీయడం అంత తేలిక పని కాదు. ఇనుము తగలనీయొద్దన్నారు అయ్యగారు. సమాధుల మీద గోనెసంచులు కప్పి, పొద్దుమాపూ నీళ్లు చల్లి, పూత నానాక వెదురు బద్దలతో గీకి, కొబ్బరి పీచుతో కడగాలి. మా ఆయన వెంకటేశ్ కరీంనగర్‌లో గ్రానైట్ కోసే కాడ పనిచేస్తాడు, ఆదివారాలు ఇంటికి వస్తాడు. ఆయన ఒక్క చూపు చూసి, "గ్రైండర్ తెస్త. ఐదు నిమిషాల్ల అద్దంలెక్క చేస్త" అన్నాడు.

"ఏందయ్యా, మీ తాతను గూడ పాలిష్ పట్టి లారీ ఎక్కిస్తవా?" అన్నాను. మళ్లీ గ్రైండర్ పేరెత్తలేదు.

శ్రమ దినాలన్నీ ఊరికి జాతరలా గడిచాయి. వెనక వరుసల నుంచి మొదలుపెడితే, మొదటి సమాధి మీద కొడవలి బయటపడింది. రెండోదాని మీద మందులు నూరే కల్వం, అది దొరసాని దవాఖానాలో పనిచేసిన కాంపౌండర్‌దట. ఇంకోదాని మీద చేపలబుట్ట. బుట్టలోంచి ఒక చేప తల బయటపెట్టి చూస్తున్నట్టు ఎంత ముద్దుగా చెక్కాడో! బయటపడిన ప్రతిసారీ ఆ ఇంటివాళ్లు కేకలు వేసి, ఫొటోలు దిగి, ఊరంతా చాక్లెట్లు పంచారు. మా అత్తమ్మ రోజూ సాయంత్రం బిందె మోసుకుపోయి చింతచెట్టు పక్క సమాధి మీది గోనెలు తడిపేది. చేత్తో నిమిరి, "జర ఓపిక పట్టు తాతా, నీ వంతు వస్తది" అని చెప్పి వచ్చేది. నాకు నవ్వొచ్చేది గానీ, ఆమె ముఖం చూస్తే మాత్రం ముచ్చటేసేది. పెండ్లికూతురి తల్లిలా తిరిగింది ఆ రోజుల్లో.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు సాయంత్రం మా వంతు వచ్చింది. ఊరంతా అక్కడే. రాయమల్లు చిన్నాయన కొంచెం దూరంగా, తువ్వాల నెత్తికి చుట్టుకొని నిలబడ్డాడు. వెదురు బద్ద ఎవరికీ ఇవ్వలేదు మా అత్తమ్మ. తనే మోకాళ్ల మీద కూర్చొని గీకింది. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి, లోపలి ఎర్రరాయి కనపడింది. ఆ తర్వాత కోసుగా, జానెడు పొడవున ఒకటి తేలింది.

"సూసిండ్రా! నాడె!" అని అరిచింది. చప్పట్లు పడ్డాయి. అత్తమ్మ రాయమల్లు చిన్నాయన వైపు చూసిన చూపు చూడాలి మీరు.

ఇంకాస్త గీకితే దాని పక్కన ఇంకొకటి తేలింది, సన్నగా.

"రెండు నాడెలేంది?" అన్నారెవరో.

"పెద్దదొకటి, చిన్నదొకటి. నేతగాడికి ఒక్కటే ఉంటదా?" అంది అత్తమ్మ, చేయి ఆపకుండా. ఆ రెంటి మీద గుండ్రంగా ఒక గీత కనపడింది. "రాట్నం," అంది. గీత తిరిగి తిరిగి చక్రమైంది. లోపల ఆకులు లేవు. చక్రానికి ఒక పక్క నుంచి భుజానికి తగిలించుకునే తాడు వేలాడుతోంది.

రాయమల్లు చిన్నాయన తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఆయన అందరికంటే ముందే పోల్చుకున్నాడని నాకప్పుడే తెలిసింది.

అత్తమ్మ చేయి మెల్లగా ఆగింది. కొబ్బరి పీచు నీళ్లలో ముంచి రాయంతా ఒకసారి కడిగింది. కొంగుతో తడి తుడిచింది.

"డప్పు," అంది. నాడెలనుకున్న ఆ రెండు డప్పుపుల్లల మీద వేలు పెట్టి, "మంచిగ చెక్కిండు" అంది. లేచి, బిందె చంకన పెట్టుకొని ఇంటికి నడిచింది.

గోడ పక్క సమాధి సున్నం మరునాడు తీశారు. దాని మీద నాడె ఉంది. చిన్న పడవలాగా, నడుమ నూలు కండెతో సహా. అప్పుడు రాయమల్లు చిన్నాయనకు గుర్తొచ్చిందట, తన చిన్నతనంలో గోడ దగ్గర కూడా ఒక ముసలి చింతచెట్టు ఉండేదనీ, గాలివానకు పడిపోయిందనీ. మా పెద్దలు "చింతచెట్టు పక్కది మనది" అని చెప్పింది ఆ చెట్టు గురించి. చెట్టు పోయాక మాట మాత్రం మిగిలి, ఈ కొసనున్న చెట్టుకు అంటుకుంది. ఎన్నేళ్ల నుంచో మేం భూమన్నకు సున్నం వేసి మొక్కుతున్నాం, వాళ్లు హనుమండ్లుకు పూలు పెట్టి ఏడుస్తున్నారు.

ఊళ్లో నవ్వుకున్నారు. నేను కూడా చాటుగా నవ్వాను. కానీ మా అత్తమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారీ తినలేదు. నాకు భయం పట్టుకుంది.

"అత్తమ్మా, ఆలోచించు. గోడ కొస నుంచి లెక్కపెట్టినా మన మూడు జాగల్ల నడిమిది వస్తది. గది మనదే గద. లెక్కకు నువ్వే గెలిచినవు," అన్నాను, పళ్లెం ముందు పెట్టి.

"ఏం గెలుపే? నాడె ఎల్లకుంటే గా దిక్కు సూడనని గుడిల ఒట్టేసినంక లెక్కెక్కడిది?" అంది. "గది పోనీ. మీ మామ ఎవల జాగల పన్నడు? భూమన్న జాగల. రాయమల్లు జాగల. రేపు ఆయనొచ్చి 'నా జాగ నాకియ్యి, నీ మొగన్ని లేపుకపో' అంటే ఏం జెయ్యాలె? పట్టుబట్టి నేనే తీపిచ్చిన గద సున్నం. నా మొగన్ని నేనే పరాయి జాగల పండవెట్టిన."

ఊరందరి నోళ్లూ మూయించిన మా అత్తమ్మ పళ్లెం ముందు చిన్నపిల్లలా ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది.

ఆ వారమంతా ఇంట్లో చీమ చిటుక్కుమన్నా అత్తమ్మ గుమ్మం వైపు చూసేది. శుభ శుక్రవారం నాడు సిలువ మీది ఏడు మాటల ఆరాధన అయిపోయి ఇంటికొచ్చి నేను మిషను ముందు కూర్చున్నానో లేదో, రాయమల్లు చిన్నాయన రానే వచ్చాడు. చేతిలో సంచి నిండా తాటిముంజలు. అత్తమ్మ ముఖం పాలిపోయింది. నేను మిషను మీద చేయి ఆపాను.

ఆయన గడప బయట నిలబడలేదు. లోపలికి వచ్చి, కింద కూర్చొని, మూడేళ్ల తర్వాత నేరుగా ఆమెతోనే మాట్లాడాడు.

"అక్కా, పండుగ ముంగట ఒక మాట అడుగుదామని వచ్చిన."

"అడుగు," అంది అత్తమ్మ, గోడ పట్టుకొని.

"మా సత్తమ్మ మీ హనుమండ్లు జాగల పన్నది. తెల్వక పెట్టినం. జర... లేపుమనకు అక్కా. నీ కాళ్లు మొక్కుత."

అత్తమ్మ ఒక్కసారిగా విరుచుకుపడింది.

"థూ! నోట్లె మన్నుబడ! ఏం మాటలురా అవి? సత్తిని లేపుతరా? నా సత్తిని? దానితోని చుట్టిన బీడీలు వరుసగ పేరిస్తే మంచిర్యాల దాక పోతయి. నీ పెండ్లాం కంటే ముందు అది నా దోస్తు!" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "మీ బావను లేపుమంటవని నేను వారం దినాల సంది మెతుకు ముట్టలే, తెలుసా?" అంది.

"బావను లేపుడేంది? గాయనను మా భూమన్న తాత మంచిగ సూసుకుంటుండు. రోజు డప్పు గూడ ఇనిపిస్తుండొచ్చు."

ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. ఇంతటితో అయిపోయిందనుకొని నేను ముంజలు వలవడానికి కూర్చున్నాను. ఎక్కడ!

"అయితే నడిమి జాగ నువ్వే తీస్కో అక్కా. నేను కాళ్లకాడ పంట."

"నేనెందుకు తీస్కుంట? గుడిల ఒట్టేసిన. నువ్వే తీస్కో."

"లెక్కకు నీదే."

"ఒట్టుకు నీదే."

"నాకద్దు."

"నాకసలే అద్దు."

మళ్లీ కొట్లాట. మూడేళ్లు నాకంటే నాకని కొట్లాడినవాళ్లు, ఇప్పుడు నీకంటే నీకని గొంతులు చించుకుంటున్నారు. వాకిట్లో పిల్లలు పోగయ్యారు. నా పక్కన చూస్తే ఈస్టరు తెల్లజాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి, ఒక్కదానికీ హుక్కులు పడలేదు. నాకు తిక్క రేగింది.

"ఎవలు ముందు పోతె వాళ్లే పండుండ్రి! రెండోవాళ్లు కాళ్లకాడ! ఇగ ఇద్దరు సప్పుడు జెయ్యకుండ్రి, నేను జాకెట్లు కుట్టుకోవాలె!"

అన్నాక నాలుక కరుచుకున్నాను. పెద్దవాళ్లతో, అదీ శుభ శుక్రవారం పూట, అనే మాటేనా? ముందు అత్తమ్మ పెదాలు కదిలాయి. తర్వాత చిన్నాయన భుజాలు ఊగాయి. ఇద్దరూ పొట్టలు పట్టుకొని నవ్వారు. మా అత్తమ్మ ఆ సాయంత్రం ముంజలన్నీ తనే తిన్నది, పైన రెండు పళ్లేల అన్నం.

ఈస్టరు తెల్లవారుజామున సున్నం లేని సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగాయి. ఆ వెలుగులో డప్పూ నాడే కొత్తగా చెక్కినట్టు కనపడ్డాయి. అత్తమ్మ నాడె దగ్గర పూలు పెట్టింది. తర్వాత చింతచెట్టు పక్కకు వచ్చి భూమన్నకు కూడా పెట్టింది. "ఇన్నేండ్లు మొక్కిన, ఇప్పుడు పరాయోడైతడా?" అంది.

నేను నోరుజారి చెప్పిన తీర్పుతో అసలు తమాషా తర్వాత మొదలైంది. ఎవరు ముందు పోతే వాళ్లదే జాగ. అంటే, ఎదుటివాళ్లు బతికున్నంత కాలం ఆశ చావదన్నమాట. ఇద్దరూ ఒకరి ప్రాణానికొకరు కాపలా కాయడం మొదలుపెట్టారు.

"పద్మా, మీ అత్త బీపీ గోళీ ఏసుకున్నదా?" అని రోజూ పొద్దున చిన్నాయన హాజరు. "మర్చిపోనియ్యకు బిడ్డా. నాకంటె ముందుగాల పోతనంటే నడ్వది."

"గాయన మామిడికాయ తొక్కు ఎక్వ తింటుండట, బంద్ జెయ్యుమను," అని మా అత్తమ్మ రోజూ మధ్యాహ్నం చల్ల పంపించేది. "నడిమి జాగ కొట్టేద్దామని సూస్తుండు, నాకెరుక."

రోహిణి కార్తెలో ఎండలు ఎట్లా కాస్తాయో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక మధ్యాహ్నం చల్లచెంబుతో పోయిన పిల్లవాడు ఉరికొచ్చి, రాయమల్లు తాత మంచం మీద ఉలుకూ పలుకూ లేకుండా పడున్నాడన్నాడు. మా అత్తమ్మ చెప్పులు కూడా తొడుక్కోలేదు. నేను వెనకే ఉరికి, చేరేసరికి ఆమె ఆయన నెత్తి మీద తడిగుడ్డ వేసి, అరికాళ్లకు ఉల్లిగడ్డ రుద్దుతోంది. ఆర్‌ఎంపీ వచ్చి సూది వేశాడు, గ్లూకోజు పెట్టాడు. ఎండ వాలేదాకా ఆమె ఆ మంచం పక్కనే కూర్చొని విసిరింది. చేయి నొప్పి పుడుతుందని నేను విసనకర్ర అడిగినా ఇవ్వలేదు.

సాయంత్రానికి ఆయన కళ్లు తెరిచాడు.

"దొరికిపోయిన అక్కా," అన్నాడు గొణుగుతూ.

"సిగ్గుండాలె. గంత తొందరేంది నీకు?" అంది అత్తమ్మ, విసనకర్రతో భుజం మీద ఒక్కటేసి. ముఖం అటు తిప్పుకొని, "నువ్వు గూడ పోతె నేనెవలతోని కొట్లాడాలెరా తమ్మీ?" అంది.

మృగశిర వచ్చింది. మొదటి వాన పడి భూమి మెత్తబడిన మరునాడు ఇద్దరూ కలిసి బొందలగడ్డకు పోయారు. మొక్కలు పెట్టుకునే పార పట్టుకొని నేనూ పోయాను. వాన నీళ్లకు కడిగిన రాయి మీద డప్పు ఎర్రగా మెరుస్తోంది. చిన్నాయన నడిమి జాగలో గడ్డి పీకాడు. అత్తమ్మ కొంగుముడి విప్పి, ఈస్టరుకు పెట్టిన పూల నుంచి ఎండబెట్టి దాచిన బంతి విత్తనాలు తీసింది. ఆ మూల నుంచి ఈ మూల దాకా చల్లింది.

"గిదేందత్తమ్మా, గీడ చల్లుతున్నవు?" అన్నాను.

"ఊకె పడావు పడి ఉండుడెందుకే?" అంది, చేతులు దులుపుకుంటూ. "ఇప్పట్ల ఎవలకు అక్కెరలేదు గద."